హైస్కూలు పిల్లలకు ప్రపంచ వార్తలు చెప్పడం ఎలా: యూరియా సంచి దగ్గర మొదలుపెట్టండి

ఉదయం ప్రార్థనలో ఒక విద్యార్థి పేపరు చూసి ఐదు ముఖ్యాంశాలు చదువుతాడు. మిగతావాళ్లు వరసల్లో నిలబడి వింటారు. క్లాసులోకి వెళ్లాక ఆ ఐదింటిలో ఒక్కటి చెప్పమంటే చెప్పగలిగేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. చదివిన పిల్లాడికి నలుగురిలో గొంతెత్తే అలవాటు వస్తుంది, అది మంచిదే. కానీ వార్త అర్థం కావడం వేరే పని. దానికి విడిగా సమయం కావాలి, చేత్తో పట్టుకోవడానికి ఒక వస్తువు కావాలి, తేలిగ్గా జవాబు దొరకని ప్రశ్న ఒకటి కావాలి.

ఇక్కడ చెప్పే పద్ధతి 8, 9, 10 తరగతుల సోషల్ టీచర్ల కోసం. వారానికి ఒక పీరియడ్, 45 నిమిషాలు, ఒకే ఒక్క వార్త. కావలసిన సామాను: గోడకు ప్రపంచ పటం, ఎర్ర దారం, గుండుసూదులు, రెండు దినపత్రికలు, పిల్లలకు తలా ఒక నోటుబుక్కు. బడికి పేపరు రాకపోతే ఊళ్లో టీ కొట్టువాళ్లు నిన్నటి పేపరు సంతోషంగా ఇస్తారు. ఈ పనికి నిన్నటిది చాలు.

గోదావరి డెల్టాలో బోధించేవాళ్లకు ఒక పెద్ద సౌకర్యం ఉంది. ఇక్కడ ప్రపంచం గుమ్మం ముందుకే వస్తుంది. భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో పెరిగిన రొయ్య అమెరికా పళ్లెంలోకి పోతుంది. కాకినాడ రేవు నుంచి బియ్యం ఆఫ్రికా తీరానికి వెళ్తుంది. కోనసీమలో కువైట్ దినారు అంటే ఏంటో తెలియని ఇల్లు అరుదు. కాబట్టి పాఠాన్ని ఐక్యరాజ్యసమితితో మొదలుపెట్టకండి. ఇంటి దగ్గర మొదలుపెట్టి ప్రపంచంలోకి వెళ్లి, మళ్లీ ఇంటికి రండి.

వార్త ఎంచుకోవడం

పేపరు ముందేసుకుని మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ వార్త మా పిల్లల ఇళ్లలో ఏ వస్తువునైనా, ఏ ధరనైనా, ఏ మనిషినైనా తాకుతోందా? ఇందులో న్యాయమైన వాదన ఉన్న పక్షాలు కనీసం రెండు ఉన్నాయా? పటం మీద కనీసం రెండు చోట్ల సూది గుచ్చగలమా? మూడింటికీ అవునని వస్తేనే తీసుకోండి. ఎన్నికల ప్రచారం, సినిమా తారల గొడవలు, నేర వార్తలు ఈ జల్లెడలో వాటంతట అవే రాలిపోతాయి.

డెల్టాలో ఏడాదంతా పనికొచ్చే దారులు కొన్ని ఉన్నాయి. వంటనూనె: 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసి, మూడు వారాలు తిరిగాక మళ్లీ తెరిచింది. ఏలూరు దగ్గర పెదవేగి వైపు ఆయిల్ పామ్ తోటలు చూసిన పిల్లలకు ఇది వెంటనే ఎక్కుతుంది. బియ్యం: 2023 జులై 20న మన కేంద్ర ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిలిపేసింది, 2024 సెప్టెంబరు చివర్లో ఆ నిషేధం ఎత్తేసింది. ఇక్కడ కొనుక్కు తినేవాళ్లకు ధర అదుపులో ఉండాలని చేసిన పని, దిగుమతి బియ్యం మీద బతికే పశ్చిమాఫ్రికా దేశాల్లో ధర పెంచింది. ఒకే నిర్ణయం రెండు చోట్ల రెండు రకాలుగా తగలడం ఇంత తేటగా చూపించే ఉదాహరణ దొరకడం కష్టం. సార్వా (ఖరీఫ్ వరి) కోతల కాలంలో చెప్పండి, బాగా పండుతుంది.

ముందురోజు: ఒక్క పేజీ రాసుకోండి

తెల్లకాగితం ఒకటి తీసుకుని ఇవి రాయండి: ఏం జరిగింది, ఎప్పుడు, ఎక్కడ. దీనికి ముందు ఏం జరిగింది. ఎవరికి మేలు, ఎవరికి నష్టం. మన ఊరికి దారి ఏది. చివర్లో, నాకు తెలియనివి ఏవి. ఈ ఆఖరి గడి ఖాళీగా వదలొద్దు. "ఇది నాకు తెలియదు, వచ్చే వారంలోగా అందరం వెతుకుదాం" అని మాస్టారి నోట వినడం పిల్లలకు ఈ పాఠంలో అన్నిటికంటే విలువైన భాగం. పేజీ దాటి రాస్తే ఆ పీరియడ్ ఉపన్యాసమైపోతుంది. ఒక్క పేజీకే ఆపండి.

పీరియడ్ నడిపే తీరు, యూరియా సంచితో

నిమిషాల లెక్క ఇది: వస్తువుకు 5, చదవడానికి 10, పటానికి 10, చర్చకు 15, రాయడానికి 5. మొదటి రెండు వారాలు చర్చ మీ చేయి దాటిపోతుంది. గోడ గడియారం చూసే పని ఒక విద్యార్థికి అప్పగించండి.

మొదటి పాఠానికి ఖాళీ యూరియా సంచి తెప్పించండి. డెల్టాలో ఇది లేని ఊరు లేదు. సంచిని బల్ల మీద పరిచి, దాని మీదున్న అక్షరాలన్నీ ఒకరి చేత బిగ్గరగా చదివించండి. బరువు 45 కిలోలు. నత్రజని 46 శాతం. వేప పూత. ధర. బోర్డు మీద లెక్క వేయించండి: 45 కిలోల్లో 46 శాతం అంటే 20.7 కిలోలు. ఇప్పుడు అడగండి: "ఈ 20 కిలోల నత్రజని ఎక్కడి నుంచి తెచ్చారు?" గని నుంచి అని ఎక్కువమంది అంటారు. గాలి నుంచి అని చెప్పగానే క్లాసు ఒక్క క్షణం ఆగుతుంది. గాలిలో 78 శాతం నత్రజనే. దాన్ని పట్టి, యూరియాకు మూలమైన అమ్మోనియాగా మార్చడానికి హైడ్రోజన్ కావాలి. మన దేశంలో దాన్ని ప్రధానంగా సహజవాయువు నుంచి తీస్తారు. ప్రయోగశాలలో ఆ దారి కనిపెట్టింది జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్, 1909లో. కార్ల్ బాష్ దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చాడు, 1913లో ఒపావులో ఉత్పత్తి మొదలైంది. ఈ రసాయనం దగ్గర సోషల్ టీచరు తడబడనక్కర్లేదు. పక్క క్లాసు నుంచి సైన్సు టీచరును ఐదు నిమిషాలు పిలవండి.

తర్వాత దారం. మన కాళ్ల కింద కృష్ణా గోదావరి బేసిన్‌లో గ్యాసు ఉంది, అది చాలక దేశం బయటి నుంచి ద్రవరూపంలో తెచ్చుకుంటుంది. అందులో పెద్ద వాటా ఖతార్‌ది. ఖతార్‌లో ఆ గ్యాసు ఓడకెక్కే రాస్ లఫాన్ దగ్గర ఒక సూది, ఓడ దాటే హోర్ముజ్ జలసంధి దగ్గర ఒకటి, గుజరాత్‌లో గ్యాసు దించే దహేజ్ దగ్గర ఒకటి గుచ్చి దారం కట్టించండి. హోర్ముజ్ ఎంత ఇరుకో వేలితో తాకి చూడమనండి: బాగా సన్నగా ఉన్నచోట 33 కిలోమీటర్లు. ప్రపంచం వాడే చమురులో అయిదో వంతు దాకా సాధారణ రోజుల్లో ఆ సందులోంచే వెళ్తుంది. పశ్చిమాసియాలో యుద్ధమంటే మన ఎరువుల కొట్టు ముందు క్యూ ఎందుకు పెరుగుతుందో ఇక మీరు చెప్పక్కర్లేదు, దారమే చెబుతుంది.

చర్చకు ప్రశ్న: "ప్రపంచంలో ధర పెరిగినా సంచి మీద ధర పెద్దగా మారదు. ఆ తేడా ఎవరు కడుతున్నారు?" ప్రభుత్వం అంటారు. ప్రభుత్వానికి డబ్బు ఎక్కడిదని అడగండి. సబ్బు కొన్నా, బిస్కెట్ ప్యాకెట్ కొన్నా తామూ పన్ను కడుతున్నామని తేలేదాకా వదలొద్దు. ఆ డబ్బు ఎరువుకే పెట్టాలా, ఇంకో దానికి పెట్టాలా అన్న దగ్గర నిజమైన వాదన మొదలవుతుంది. అక్కడ మీరు పక్కకు తప్పుకోండి.

పటం విషయంలో ఒక జాగ్రత్త. చాలా బళ్లలో గోడకున్న పటంలో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు. దూరాలు, సైజులు పోల్చేటప్పుడు గ్లోబు వాడండి, పటం దారానికే ఉంచండి.

పేపరు చదివించడం

ఈ పది నిమిషాల మీద మీరు పెట్టే శ్రమ వృథా పోదు. ఒకే వార్తను రెండు పత్రికల్లోంచి కత్తిరించి, సగం క్లాసుకు ఒకటి, సగం క్లాసుకు ఇంకొకటి ఇవ్వండి. వాక్యం చివరి క్రియకు సున్నా చుట్టమనండి. తెలుగు వార్తలో నమ్మకం ఎంతో చెప్పేది ఆ క్రియే. "ప్రకటించారు", "ఉత్తర్వులు జారీ చేశారు" అంటే ఎవరో బాధ్యత తీసుకుని చెప్పిన మాట. "తెలుస్తోంది", "సమాచారం", "భోగట్టా", "విశ్వసనీయ వర్గాలు అంటున్నాయి" అంటే చెప్పినవాళ్ల పేరు లేదు. ఒక్క నెల ఇలా చేస్తే పిల్లలు ఇంట్లో టీవీ చూస్తూ కూడా "అది తెలుస్తోందట నాన్నా, ఇంకా అవ్వలేదు" అనడం మొదలుపెడతారు.

రెండో పని శీర్షిక. "సుంకాల పిడుగు", "రైతుకు షాక్", "పొరుగు దేశానికి చెంపపెట్టు" లాంటివి కనిపిస్తే, వాటిలోంచి పిడుగునూ షాక్‌నూ తీసేసి, సంఖ్య, తేదీ పెట్టి తిరగరాయమనండి. "అమెరికా 2025 ఆగస్టు 27 నుంచి చాలా భారత సరుకులపై 50 శాతం సుంకం విధించింది" అని రాయగలిగితే ఆ పిల్లకు వార్త చేతికందినట్టే.

రెండు పీరియడ్ల పాఠం: రొయ్య

నెలకొకసారి పెద్ద అంశం తీసుకుని రెండు పీరియడ్లు వరసగా నడపండి. డెల్టాలో మొదటిది రొయ్యే కావాలి. ఇప్పుడు మన చెరువుల్లో పెరిగే వనామీ రకం మన రొయ్య కాదు. లాటిన్ అమెరికా పసిఫిక్ తీరానిది. టైగర్ రొయ్య తెల్లమచ్చ రోగంతో దెబ్బతిన్నాక, 2009లో వనామీ పెంపకానికి అనుమతి వచ్చింది. మన రొయ్యకు అతిపెద్ద కొనుగోలుదారు అమెరికా, అతిపెద్ద పోటీదారు ఈక్వెడార్. 2025 ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు మన సరుకుల మీద 26 శాతం సుంకం ప్రకటించి, వారానికే వాయిదా వేశాడు. ఆగస్టు 7న 25 శాతం అమల్లోకి వచ్చింది. రష్యా చమురు కొంటున్నామని 27న మరో 25 కలిపాడు. అప్పుడు ఈక్వెడార్ మీద ఉన్నది 15 శాతం. ఈ రేట్లు మారుతూ ఉంటాయి కాబట్టి పాఠం చెప్పే రోజు పేపరు చూసుకుని వెళ్లండి.

మొదట తీర్చాల్సిన అపోహ ఒకటుంది. "మాస్టారండీ, ఆ పన్ను మనం అమెరికాకి కడతామాండీ?" అని అడిగేవాళ్లు ప్రతి క్లాసులోనూ ఉంటారు. పెద్దవాళ్లలోనూ చాలామంది అలాగే అనుకుంటారు. కట్టేది అమెరికాలో సరుకు దించుకునే దిగుమతిదారు. కట్టించుకునేది అమెరికా కస్టమ్స్. మరి ఇక్కడ చెరువు గట్టు మీద ధర ఎందుకు పడుతుంది? దాన్ని చెప్పకండి, ఆడించండి.

క్లాసును ఏడు గుంపులు చేయండి: అమెరికా గృహిణి, అక్కడి దిగుమతిదారు, ఇక్కడి ఎగుమతి ప్లాంటు యజమాని, ప్లాంటులో రొయ్య వలిచే కార్మికురాలు, చెరువు రైతు, ఈక్వెడార్ రైతు, లూసియానా తీరంలో వల వేసే అమెరికా మత్స్యకారుడు. ఈ ఆఖరివాణ్ని మర్చిపోవద్దు. చవక దిగుమతి రొయ్య వల్ల తన వేటకు గిట్టుబాటు లేదని మొర పెట్టుకునేది అతనే. అతను లేకపోతే పాఠం "అమెరికా చెడ్డది" దగ్గర ఆగిపోతుంది.

లెక్క కోసం కిలో 8 డాలర్లు అనుకోండి. 50 శాతం అంటే 4 డాలర్లు. బల్ల మధ్యలో 40 చింతపిక్కలు పోయండి. ఒక్కో పిక్క 10 సెంట్లు. ఈ భారం ఎవరెవరు ఎన్ని పిక్కలు మోస్తారో పది నిమిషాల్లో మాట్లాడుకుని తేల్చుకోవాలి. గృహిణి "ధర పెరిగితే కోడిమాంసం కొంటాను" అంటుంది. దిగుమతిదారు "ఈక్వెడార్ దగ్గర కొంటాను" అంటాడు. ప్లాంటు యజమాని చెరువు రైతు వైపు తిరుగుతాడు. రైతు ఆగుదామంటే, చెరువులో రొయ్య ఆగదు: రోజూ మేత వేయాలి, నీటికి గాలి అందించే ఏరేటర్లకు కరెంటు కట్టాలి, ఆలస్యమైన కొద్దీ రోగం భయం. కౌంటుకు (కిలోకు ఇన్ని రొయ్యలన్న సైజుకు) వచ్చాక పట్టుబడి చేయాల్సిందే. ఆట అయ్యేసరికి ఎక్కువ పిక్కలు రైతు ముందూ, రొయ్య వలిచే మనిషి ముందూ కుప్పపడతాయి. ఆ కుప్పను అలాగే ఉంచి, ఎందుకు ఇక్కడికొచ్చాయని అడగండి. ఆగలేనివాడి దగ్గరకే భారం వస్తుందన్న మాట పిల్లలే అంటారు.

రెండో పీరియడ్‌లో రూపాయల్లోకి దింపండి. రెండు టన్నులు పండే చెరువులో కిలోకు 40 రూపాయలు తగ్గితే 80,000 రూపాయలు. దాంతో ఆగేది ఏంటి? పాప కాలేజీ ఫీజా, దుకాణంలో మేత బాకీయా, కూలీల పనిరోజులా? తర్వాత మార్గాలు: ఐరోపా, జపాన్, చైనా మార్కెట్లు, మన దేశంలోనే తినడం పెంచడం. ఒక్కోదానికి ఒక అడ్డంకి కూడా రాయించండి. ఉదాహరణకు ఐరోపాలో యాంటీబయాటిక్ అవశేషాల తనిఖీ కఠినం. ఆ తప్పు మన చెరువుల దగ్గర జరిగేది, దాన్నీ దాచొద్దు.

పుకారు పట్టుకోవడం: తుపాను రోజుల్లో

దీన్ని అక్టోబరుకు ముందే చెప్పాలి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను మన తీరం దాటింది. ఆ పేరు థాయ్‌లాండ్ ఇచ్చింది. ఉత్తర హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న 13 దేశాలు తలా 13 పేర్లు ఇచ్చి 2020లో 169 పేర్ల జాబితా చేశాయి. భారత్, పాకిస్థాన్ ఇచ్చిన పేర్లు ఒకే జాబితాలో ఉంటాయని చూపించండి. దేశాల మధ్య సహకారం అంటే ఏంటో అది చెబుతుంది.

తుపాను వేళ ఫోన్లలో వచ్చే వీడియోకు నాలుగు పరీక్షలు. దుకాణం బోర్డు మీద ఏ లిపి ఉంది? వాహనం నంబరు ఏ రాష్ట్రానిది? చెట్లు మన కొబ్బరి, తాడి చెట్లేనా? ఒక దృశ్యం స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతికితే పాత తేదీ వస్తోందా? నాలుగూ అయ్యాక వాతావరణ శాఖ బులెటిన్‌తో పోల్చాలి. కాకినాడ రేవులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారో పేపర్లో వస్తుంది. 8, 9, 10 అంటే అతి ప్రమాదం, 11 అంటే సమాచార సంబంధాలే తెగిపోయాయని. ఈ నంబర్లు పిల్లలకు నోటికి రావాలి. వేటకు వెళ్లే ఇళ్లలో ఇది ప్రాణాల సంగతి.

వాతావరణ మార్పు గురించి చెప్పేటప్పుడు భయపెట్టి వదిలేయకండి. ఉప్పాడ తీరం కోసుకుపోవడం కళ్లారా చూసిన పిల్లలకు సముద్రమట్టం పాఠం రాత్రి నిద్ర పట్టనివ్వదు. అదే పీరియడ్‌లో రెండో సగం కూడా చెప్పండి. 1977 దివిసీమ ఉప్పెన, 1996 నవంబరులో కోనసీమ తుపాను ఎన్ని ప్రాణాలు తీశాయో, ఇప్పుడు ముందస్తు హెచ్చరిక, తుపాను షెల్టర్లు, తరలింపు వల్ల ఎన్ని నిలబడుతున్నాయో పక్కపక్కన పెట్టండి. కోరింగ మడ అడవి అల జోరును ఎలా విరుస్తుందో చూపించండి. మనిషి చేసిన పనికి ఫలితం కనిపిస్తేనే పిల్లలు తర్వాతి ప్రశ్న అడుగుతారు.

క్లాసులో గాయం చేయకుండా

డెల్టా క్లాసులో చెరువు యజమాని కొడుకూ, ఆ చెరువు మీద పనిచేసే కూలీ కూతురూ ఒకే బెంచీ మీద ఉంటారు. పక్క చెరువు ఉప్పునీళ్లు ఊరి దాళ్వా (రబీ వరి) చేను పాడుచేసిన ఇంటి పిల్లలూ అక్కడే ఉంటారు. కాబట్టి "ఎవరింట్లో చెరువులున్నాయి, చేతులెత్తండి" అని అడగకూడదు. పాత్రలు చీటీలు తీసి పంచండి, సగంలో తారుమారు చేయండి. అప్పుడు ఎవరు ఏం మాట్లాడినా అది చీటీ మాట, ఇంటి మాట కాదు.

గల్ఫ్ సంగతి ఇంకా సున్నితం. తల్లి కువైట్‌లో ఉండి, అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లల్ని అందరి ముందూ అడగొద్దు. సాధారణ విషయంగా చెప్పండి: పదో తరగతి పాసైనవాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (వలస తనిఖీ తప్పనిసరి) కోవలోకి రాదు, పాస్ కానివాళ్లు కువైట్, ఒమన్, సౌదీ లాంటి దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ వలస అనుమతి కావాలి. విజిట్ వీసా మీద పనికి పంపుతామనే ఏజెంటు ఆ అనుమతిని తప్పిస్తున్నాడనీ, రేపు జీతం ఎగ్గొడితే చేతిలో కాగితం ఉండదనీ వివరించండి. పదో తరగతి ఆడపిల్లలు ఈ ఒక్క ముక్క ఇంటికి మోసుకెళ్లినా ఆ పీరియడ్‌కు ఫలితం దక్కినట్టే.

మీ అభిప్రాయం చర్చ అయ్యేదాకా దాచుకోండి. పిల్లలు అడిగితే "ఇది నా అభిప్రాయం, నువ్వు కాదనొచ్చు" అని చెప్పండి. పార్టీల పేర్లు వచ్చినప్పుడు పాలసీ మీదకు తిప్పండి: ఎవరు చేశారన్నది కాదు, ఏం చేశారు, ఏం జరిగింది. మతం, కులం, యుద్ధం మీద మాట జారితే అప్పటికప్పుడు ఆపి, ఆ వాక్యాన్ని బోర్డు మీద రాసి, "దీనికి రుజువేంటి" అని అందర్నీ అడగండి. మాట అన్న పిల్లాణ్ని నిలబెట్టొద్దు.

నోటుబుక్కు, మార్కులు

చివరి ఐదు నిమిషాల్లో నాలుగు వాక్యాలు: ఈ రోజు వార్త ఏంటి, ముందు నేనేమనుకున్నాను, ఇప్పుడేమనుకుంటున్నాను, ఇంకా తెలియంది ఏంటి. మూడోదీ నాలుగోదీ చూసి మార్కులేయండి, రాజధానుల పేర్లు చూసి కాదు. అభిప్రాయం మీకు నచ్చలేదని ఒక్క మార్కు కూడా కోయొద్దు. కారణం రాయకపోతే కోయండి. పదో తరగతికి జనవరి నుంచి పీరియడ్ దొరకదు, పోరాడకండి. పక్షానికొకసారి పదిహేను నిమిషాలకు కుదించండి. పేపరు క్రియలకు సున్నాలు చుట్టే పని ఆ పదిహేను నిమిషాల్లో సరిపోతుంది.

పటం పక్కన గోడకు ఒక చార్టు అంటించి, పైన "తర్వాత ఏమైంది?" అని రాయండి. చెప్పిన ప్రతి వార్తనూ తేదీతో అందులో ఎక్కించి, రెండు నెలలకొకసారి ఆ వరసలోకి తిరిగి వెళ్లి కొత్త సంగతి రాయించండి. సుంకం తగ్గిందా, ఓడల దారి మారిందా, మనం అనుకున్నది తప్పా. ఆ చార్టును సెలవుల ముందు చుట్టి బీరువాలో పెట్టండి; జూన్‌లో బడి తెరిచాక కొత్త 9వ తరగతికి మొదటి పీరియడ్‌లో దాన్నే విప్పి, అసంపూర్తిగా ఉన్న వరసలు వాళ్ల చేత పూరించండి.